తెలుగు స్వీయచరిత్రలందు ‘నేను’: అనుబంధము, ఆశయము, ఆత్మాంగీకారము

తెలుగునాట క్రొత్తగ కనబడిన కుఱ్ఱవానిని పెద్దలు మొట్టమొదట అడుగునది వాని పేరు కాదు. ‘ఎవరి అబ్బాయివి?’ అని అడుగుదురు. పిదప ఊరు, ఇంటిపేరు. అన్నియు తెలిసిన తరువాత, అవసరమైనచో, పేరు. ఈ ప్రశ్నల వరుసలో ఒక తత్త్వమిమిడియున్నది. మనుష్యుడు తొలుత ఒక యింటివాడు, ఒక యూరివాడు, ఒక కులమువాడు. ఆ మీదటనే తాను. స్వీయచరిత్ర యీ వరుసను మార్చి, ‘నేను’ అను మాటను ముందు నిలుపు ప్రక్రియ. అందుచే వ్యక్తి తన్ను తానెట్లు గుర్తించుకొనును, ఆ గుర్తింపు దేనివలన ఏర్పడును అను ప్రశ్నకు మన సాహిత్యమున సమాధానము వెదకదలచినవారు స్వీయచరిత్రలను తప్పక పరిశీలింపవలెను.

వ్యక్తిత్వమును తీర్చిదిద్దు శక్తులను స్థూలముగ మూడుగ విభజింపవచ్చును. ఇతరులతోడి అనుబంధము మొదటిది. తాను కాగోరు రూపమును గూర్చిన ఆశయము రెండవది. తన పుట్టుకను, తన శక్తిని, తన లోపమును ఉన్నవున్నట్లు ఒప్పుకొనుట మూడవది, దీనిని ఆత్మాంగీకారమందము. ముందుగ తన్ను తానొప్పుకొన్నవాడు పిదప ఆశయమును నిర్ణయించుకొని, దానికి తగినట్లు ఇతరులతో మెలగునని సాధారణముగ తలంతురు. తెలుగు స్వీయచరిత్రలను పరిశీలించినచో ఈ క్రమము నిలువదు. వానియందు ఆత్మాంగీకారము దారిబత్తెము కాదు, గమ్యము. అనుబంధము ఆశయమును కలిగించును. ఆశయము అనుబంధమును పరీక్షించును. ఆ పరీక్ష గడచిన పిదపనే ‘నేనిట్టివాడను’ అని చెప్పగల ధైర్యము కలుగును. ఈ విషయమును ఆఱు గ్రంథముల ఆధారముతో నిరూపించుట యీ వ్యాసోద్దేశము.

అవతారికల సంప్రదాయము

స్వీయచరిత్ర పాశ్చాత్యసాహిత్య సంపర్కమువలన మనకు లభించిన ప్రక్రియ యనుట సత్యమే. కాని కవి తన్నుగూర్చి చెప్పుకొను ఆచారము మనకు క్రొత్తది కాదు. కావ్యావతారికలు దానికి నెలవులు. నన్నయ భారతావతారికయందు తన్ను ప్రథమపురుషముననే పేర్కొనెను. రాజరాజునకు కులబ్రాహ్మణుడనుట అందు ఆయనకు ముఖ్యమైన గుర్తింపు. తిక్కన విరాటపర్వావతారికయందు తండ్రి కొమ్మన స్వప్నమున కనబడుటను వర్ణించి, తన మహాసంకల్పమునకు పితృవాత్సల్యమును, హరిహరనాథుని అనుగ్రహమును దోడుగ జూపెను. పోతన తల్లిదండ్రులను, వంశమును కీర్తించెను. వీరందఱు తామెవరివారో చెప్పిరి. తామెట్టివారో చెప్పుటకు మాత్రము ఒక యడ్డంకి కలదు.

ఆ యడ్డంకిని మహాభారత కర్ణపర్వమునందలి యొక ఘట్టము చక్కగ తెలుపును. అగ్రజుడైన ధర్మజుని నిందించితినను పరితాపముతో అర్జునుడు ప్రాణత్యాగమునకు సిద్ధపడగా, కృష్ణుడు అతనిని తన్ను తాను పొగడుకొమ్మనెను. ఆత్మస్తుతి ఆత్మహత్యతో సమానమని దాని భావము. ఇట్టి సంస్కారమున పెరిగిన జాతిలో తన్నుగూర్చి వ్రాయబూనినవాడు అడుగడుగున రెండు దోషములకు వెఱవవలసియుండెను. గొప్ప చెప్పుకొన్నచో అది ఆత్మస్తుతి. తక్కువ చెప్పుకొన్నచో వంశమునకు మచ్చ. ఈ రెంటి నడుమ ఇఱుకైన దారి యొకటి కలదని తొలుత చూపినవారిలో మొల్లను చెప్పవలెను. ఆమె తన తండ్రి కేసనను, తన దైవమైన శ్రీకంఠమల్లేశ్వరుని పేర్కొని, తాను నేర్వని శాస్త్రములను వరుసగ లెక్కించెను. ఇది కవులకు పరిపాటియైన వినయమే కావచ్చును. అయినను తన లోపమును తానే చెప్పుకొని, కావ్యరచనను మాత్రము విడువకుండుట గమనింపదగినది. లోపమును ఒప్పుకొనుట వేఱు, దానికి లొంగుట వేఱు అను భేదము అచ్చట బీజరూపమున నున్నది.

వీరేశలింగముగారు: ఆశయమునకు చెల్లించిన మూల్యము

కందుకూరి వీరేశలింగముగారి (1848–1919) ‘స్వీయచరిత్రము’ 20వ శతాబ్ది తొలిపాదమున రెండు భాగములుగ వెలువడినది. తెలుగు వచనమున స్వీయచరిత్రకు ఇదియే ఒరవడి. పంతులుగారు నాలుగేండ్ల ప్రాయముననే తండ్రిని కోల్పోయి, పెదతండ్రి సంరక్షణమున పెరిగిరి. రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11వ తేదీన గోగులపాటి శ్రీరాములునకు, గౌరమ్మకు వారు జరిపించిన వివాహము ఆంధ్రదేశమున తొలి వితంతువివాహముగ ప్రసిద్ధము. ఈ యొక్క కార్యముతో వారి బంధుత్వములన్నియు ఒక్కపెట్టున పరీక్షకు నిలిచినవి. బహిష్కారము వచ్చినది. వంటవారు మానివేసిరి. నీళ్లు తెచ్చుట, వంట చేయుట భార్యయగు రాజ్యలక్ష్మమ్మగారి మీద పడినవి.

ఇచ్చట ఒక సూక్ష్మమును గుర్తింపవలెను. ‘స్వీయచరిత్రము’ను సంఘసంస్కర్త విజయగాథగ చదువుట వాడుక. కాని ఆ గ్రంథమున ‘నేను’ అను మాటకు బలమిచ్చునది సభలలోని వాదములకంటె ఇంటిలోని ఆ తోడ్పాటు. లోకము త్రోసివేసిన దినములలో ఒక మనుష్యుడు తన్ను తాను త్రోసివేసికొనకుండుటకు, కనీసము మఱియొకరి కన్నులలోనైన తాను సరియైనవాడుగ నిలువవలెను. పంతులుగారికి ఆ కన్నులు రాజ్యలక్ష్మమ్మగారివి. పిదప ధనసహాయమొనర్చిన పైడా రామకృష్ణయ్యగారి వంటి మిత్రులవి. ఆశయము బంధువులను దూరము చేసినది. ఆ యాశయమే క్రొత్త బంధువులను తెచ్చినది. పోయినవారికిని వచ్చినవారికిని నడుమ నిలిచి లెక్క చూచుకొనుటయే ఆ గ్రంథరచన. రాజ్యలక్ష్మమ్మగారు 1910లో గతించిరి. ఆత్మాంగీకారము ఇచ్చట జీవితారంభమున లేదు. వార్ధక్యమున, లెక్కలు ముగించు వేళ వచ్చినది.

ప్రకాశముగారు: దాచని పుట్టుక

టంగుటూరి ప్రకాశముగారి (1872–1957) ‘నా జీవితయాత్ర’ పేరులోనే ఆశయము ధ్వనించును. యాత్రకు గమ్యముండవలెను గదా. తండ్రి మరణానంతరము తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపి బిడ్డలను పోషించిరి. ఆనాటి సంఘమున పూటకూళ్ల వృత్తికి ఎట్టి చిన్నచూపుండెనో ‘కన్యాశుల్కము’నందలి పూటకూళ్లమ్మ పాత్రను ఎఱిగినవారికి వివరింప నక్కఱలేదు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయుడు ఆ బాలుని చేరదీసి, తాను రాజమహేంద్రవరమునకు పోవుచు వెంట తీసికొనిపోయెను. తల్లి కష్టము ఆశయమును పుట్టించినది. గురువు ఆదరము దానికి దారి చూపినది. రెండును అనుబంధములే.

ఆ పిమ్మటి చరిత్ర సుప్రసిద్ధము: రాజమహేంద్రవరమున ప్లీడరు వృత్తి, లండనులో బారిష్టరు చదువు, మద్రాసులో విశేష ధనార్జనము, 1921లో వృత్తిత్యాగము, ‘స్వరాజ్య’ పత్రిక, 1928 ఫిబ్రవరి 3వ తేదీన మద్రాసులో సైమను కమిషన్ బహిష్కార సందర్భమున తుపాకుల యెదుట నిలుచుట, 1953లో ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రిత్వము. ఇన్ని పదవులను చూచిన మనుష్యుడు పూటకూళ్లింటిని మఱుగుపఱచియుండవచ్చును. ఆయన మఱుగుపఱుపలేదు. తన చిన్ననాటి అల్లరిని, నాటకములలో స్త్రీవేషములు వేసిన సంగతిని సైతము దాచలేదు. శిఖరమునెక్కినవాడు క్రిందిమెట్టును చూపుట సులభమని కొందఱనవచ్చును. అది కొంత నిజమే. కాని అదియే నా వాదమునకు ఆధారము కూడ. పుట్టుకను ఒప్పుకొనుటకు కావలసిన ఎత్తును ఆశయమే కల్పించినది.

ఈ గ్రంథమున మఱియొక విశేషము కలదు. మొదటి మూడు భాగములు ప్రకాశముగారివి. నాలుగవ భాగము వారి అనుచరులగు తెన్నేటి విశ్వనాథముగారు వ్రాసి పూర్తిచేసినది. ఒకరి ‘నేను’ మఱియొకరి కలముతో ముగిసినది. దీనిని గ్రంథలోపముగ గణించువారు గణింతురుగాక. వ్యక్తి తన కథకు తానొక్కడే కర్త కాడనుటకు ఇంతకంటె ప్రత్యక్షమైన నిదర్శనము లభింపదు.

శ్రీపాదవారు: విడిచిన యిల్లు, విడువని నుడి

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు (1891–1961) తూర్పుగోదావరి మండలమున పొలమూరులో వేదవేదాంగ పాండిత్యమునకు పేరొందిన కుటుంబమున జన్మించిరి. ఆ యింట సంస్కృతమే చదువు; తెలుగు కవిత్వమునకు అంతటి గౌరవము లేదు. అట్టి యింట పుట్టిన బాలునికి తెలుగు మీద మక్కువ కలిగినది. ‘అనుభవాలూ - జ్ఞాపకాలూనూ’ మూడు సంపుటములందును నడచునది ఈ సంఘర్షణమే. ఇచ్చట ఆశయమునకు అడ్డుపడినవారు శత్రువులు కారు, ప్రేమించినవారు. తండ్రిని గౌరవించుచునే తండ్రి కోరిన మనుష్యుడు కాకుండుట యెట్లు? ఈ ప్రశ్న వీరేశలింగముగారి ప్రశ్నకంటె మెత్తనిది, కాని అంతకంటె క్లిష్టమైనది. బహిష్కరించినవారితో తెగతెంపులు చేసికొనవచ్చును. వాత్సల్యముతో వారించినవారితో తెంపుకొనుట యెట్లు?

శాస్త్రిగారు దీనికి చూపిన పరిష్కారము వాదరూపమున లేదు, భాషారూపమున నున్నది. వారి వచనమునకు ప్రాణము గోదావరీతీరమందలి గృహములలో, ముఖ్యముగ స్త్రీలనోట, సహజముగ పలికెడి తెలుగు. గ్రంథనామమున చివరనున్న ‘నూ’ అను సాగతీతలోనే మాటాడు గొంతు వినబడును. ఇంటి విద్యను విడిచిన రచయిత ఇంటి నుడిని విడువలేదు. ఏ యింటినుండి తాను వేఱుపడెనో ఆ యింటి మాటతోనే తన కథ చెప్పుకొనెను. ఆత్మాంగీకారము ఒక నిర్ణయముగ గాక శైలిగ పరిణమించుట యిది. ఈ దృష్టితో వారి శైలిని పరిశీలించుటకు చాల అవకాశము కలదు.

జాషువకవి: అంగీకారము లొంగుబాటు కాదు

ఇంతవఱకు చెప్పిన మువ్వురును తమ పుట్టుకను దాచుటయో చెప్పుటయో తామే నిర్ణయించుకొనగలిగినవారు. గుఱ్ఱము జాషువకవికి (1895–1971) ఆ స్వేచ్ఛ లేదు. వినుకొండలో పుట్టిన ఆ కవికి కులము పేరుతో సంఘము ముందుగనే ఒక గుర్తింపును అంటగట్టినది. పద్యమును విని తల యూచినవాడే కులమడిగి లేచిపోయిన అనుభవమును ఆయన పద్యములలో చెప్పుకొనెను. ఇట్టివానికి ‘నిన్ను నీవొప్పుకొనుము’ అను హితవు క్రూరమైన పరిహాసమగును. ఏ నిన్ను? సంఘము నిర్ణయించిన నిన్నా, నీవెఱిగిన నిన్నా?

ఆత్మాంగీకారమను భావమును విమర్శలేక వాడుటలోని ప్రమాదమిదియే. ఉన్నదానితో తృప్తిపడుమను బోధగ అది మాఱినచో, అణచివేతకు అది పనిముట్టగును. జాషువకవి రచనలు ఈ రెంటిని వేఱుచేసి చూపుచున్నవి. 1941లో వెలువడిన ‘గబ్బిలము’న తంజావూరునందలి దళితుడొకడు తన దైన్యమును కాశీ విశ్వనాథునికి నివేదింపుమని గబ్బిలమును వేడుకొనును. మేఘమును, హంసను దూతలుగ పంపిన సంప్రదాయమున, శుభముకానిదని లోకము తలంచు ప్రాణిని ఎన్నుకొనుటలోనే కవి తన పక్షమును ప్రకటించెను. ఆయన పుట్టుకను అంగీకరించెను. దానికి సంఘము కట్టిన వెలను అంగీకరింపలేదు.

‘నా కథ’ పద్యకావ్యముగ వెలసినది. వచనమున వ్రాయదగిన స్వీయచరిత్రను పద్యమున వ్రాయుట యాదృచ్ఛికము కాదని నా యభిప్రాయము. మాటలులేని చలనచిత్రముల కాలమున రాజమహేంద్రవరమున తెరమీది కథను ప్రేక్షకులకు చదివి వినిపించు పనిచేసి, పిదప గుంటూరులో ఉపాధ్యాయుడుగ జీవించిన ఆ కవికి పద్యమే ఆశయము. తనకు కాదన్న విద్యతోనే తన కథను చెప్పుట ఆ యాశయము నెఱవేఱెననుటకు సాక్ష్యము. ఈ కథయందును అనుబంధమునకు తావున్నది. అవధాన విద్యకు పట్టుగొమ్మయైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు ఆయన కాలికి గండపెండేరము తొడిగిరి. కులమడిగి లేచిపోయినవారు ఒకవైపు, పాదమును తాకిన వృద్ధకవి మఱియొకవైపు. తన యెఱుక తనకున్నను, దానిని గుర్తించు చేయి యొకటి కావలసియుండెను.

ఒక పూర్వపక్షము: నారాయణదాసుగారు

ఇట వాదమునకు ఎదురు నిలుచు గ్రంథమొకటి కలదు. అది ఆదిభట్ల నారాయణదాసుగారి (1864–1945) ‘నా యెఱుక’. బొబ్బిలి ప్రాంతమందలి అజ్జాడలో పుట్టి, హరికథకు పితామహుడుగ ఖ్యాతిగాంచి, 1919లో నెలకొన్న విజయనగర సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడైన దాసుగారు తన ప్రతిభను చెప్పుకొనుటకు సంకోచింపలేదు. యౌవనచాపల్యములను చెప్పుటకును సంకోచింపలేదు. ఆత్మస్తుతి దోషమను వెఱపు ఆయనకు లేదు. కావున ఆత్మాంగీకారము ఆయనయందు మొదటినుండియు ఉన్నదేకదా యని యడుగవచ్చును.

దీనికి రెండు సమాధానములు. ఆ గ్రంథము దాసుగారి ముప్పదియవ యేటి వఱకు గల వృత్తాంతమునే చెప్పి నిలిచిపోయినది. అనగా ఆయన తన జీవితమున ‘ఎఱుక’ కలిగిన భాగమును మాత్రమే కథగ నెంచెనని యూహింపవచ్చును. ఎఱుక యనునది పుట్టుకతో నుండునది కాదు, కలుగునది. రెండవది మఱింత ముఖ్యము. హరికథ సభలేక జీవింపదు. గజ్జెకట్టి నిలిచిన కథకుని ఆత్మవిశ్వాసము ఎదుట కూర్చున్న శ్రోతల ముఖములలో ప్రతిరాత్రియు పరీక్షింపబడును. దాసుగారి ‘నేను’ ఒంటరిగ పెరిగినది కాదు, సభలో పెరిగినది. అయినను ఆయన విషయమున ఆత్మాంగీకారము ఆశయముతో కలిసియే నడచెను గాని, దాని వెనుక రాలేదని యొప్పుకొనవలెను. నేను చెప్పిన క్రమము నియమము కాదు, ప్రాయికము.

నిర్జన వారధి: బంధములు తెగినపుడు

పురుషుల కథలలో అనుబంధము తోడ్పాటుగనో, ఆటంకముగనో కనబడును. అనుబంధమే జీవితమని నేర్పబడిన స్త్రీకి ఆ బంధములు తెగినపుడు మిగులునదేమి? కొండపల్లి కోటేశ్వరమ్మగారి (1918–2018) ‘నిర్జన వారధి’ ఈ ప్రశ్నకు సమాధానము. కృష్ణామండలమందలి పామఱ్ఱులో పుట్టి, బాల్యముననే వివాహితయై, వితంతువై, కొండపల్లి సీతారామయ్యగారితో పునర్వివాహమై, కమ్యూనిస్టు ఉద్యమమున రహస్యజీవితము గడపి, భర్త దూరమైన పిదప ముప్పదియేండ్లు దాటిన ప్రాయమున మరల చదువు మొదలిడి, కాకినాడలో బాలికల వసతిగృహమున మేట్రనుగ జీవించి, బిడ్డలిద్దఱను పోగొట్టుకొన్న ఆమె, 2012లో తొంబది దాటిన వయస్సున ఈ గ్రంథమును వెలువరించిరి.

వీరేశలింగముగారి గ్రంథమున గౌరమ్మ కలదు. కాని ఆమె నోట ‘నేను’ అను మాట మనకు వినబడదు. 1881లో జరిగిన ఆ వివాహమునకు 131 సంవత్సరముల పిమ్మట, పునర్వివాహితయైన బాలవితంతువు తన కథను తానే చెప్పినది. తెలుగు స్వీయచరిత్రకు ఇది గొప్ప మలుపు. బిడ్డగ, భార్యగ, తల్లిగ, కార్యకర్త్రిగ తనకున్న పేరులు ఒక్కొక్కటియే తొలగిపోగా, మిగిలిన తన్ను ఆమె జాలిగ చూడలేదు, గొప్పగ చూపలేదు. వారధి నిర్జనమైనను వారధియే. దాని మీదుగ దాటిపోయినవారు కలరు. ఆత్మాంగీకారమున కింతకంటె నిరాడంబరమైన రూపమును నేను చదువలేదు.

మేము, మనము

మన భాషయందు ఉత్తమపురుష బహువచనమునకు రెండు రూపములు కలవు. వినువానిని వెలిగనుంచునది ‘మేము’, కలుపుకొనునది ‘మనము’. స్వీయచరిత్రకారుడు ఎచ్చట ‘నేను’ అనుచున్నాడు, ఎచ్చట ‘మేము’ అనుచున్నాడు, ఆ ‘మేము’లో ఎవరున్నారు, పాఠకుని ‘మనము’లోనికి ఎపుడు పిలుచుచున్నాడు అను లెక్క తీసినచో, అతని అనుబంధముల పటము మన కన్నులయెదుట నిలుచును. కుటుంబము ‘మేము’గ నుండిన పుటలనుండి ఉద్యమము ‘మేము’గ మాఱిన పుటల వఱకు గల దూరమే ఆ వ్యక్తి నడచిన దూరము. ఇది పరిశోధకులకు అందుబాటులోనున్న నిశ్చితమైన సాధనము.

నేటివఱకు మన పరిశోధకులలో పెక్కురు స్వీయచరిత్రలను తేదీల కొఱకు, సంఘటనల కొఱకు త్రవ్వుకొనుచున్నారు. అది అవసరమే. సంఘటన సత్యమా కాదా యని ఇతరాధారములతో పోల్చి చూచుట మఱింత అవసరము. కాని రచయిత దేనిని ఎప్పుడు ఒప్పుకొనెను, ఎవరి సాక్ష్యముతో ఒప్పుకొనెను, దేనిని ఒప్పుకొనుటకు నిరాకరించెను అను మూడు ప్రశ్నలు వేయనిచో గ్రంథమున సగము మనకు అందదు.

అధ్యాపకులకు ఈ విషయము కేవలము సాహిత్యవిమర్శ కాదు. తల్లి చేయు పనిని, తండ్రి కులమును, ఇంటి మాటను తరగతిలో దాచుకొను విద్యార్థులు మన యెదుట ప్రతి సంవత్సరము కూర్చుండుచున్నారు. వారికి ‘నిన్ను నీవు గౌరవించుకొనుము’ అను నీతివాక్యము చాలదు. ఒంగోలు బాలునికి దొరకిన హనుమంతరావు నాయుడుగారివంటి ఉపాధ్యాయుడు, జాషువకవికి లభించిన వేంకటశాస్త్రిగారివంటి పెద్ద కావలెను. వారు తమ్ము తామొప్పుకొనుటకు ముందు, మనము వారిని ఒప్పుకొనవలసియున్నది.